దీపములన్నియు నొక్కచోట

అనంతపురము జిల్లా బెళుగుప్ప వంటి మెట్టసీమయందు, వాన మొగము చాటువేసిన యేట వేరుసెనగతోపాటు కూలియు నెండిపోవుచుండగా, బుద్ధిమాంద్యముగల బిడ్డను చంకనెత్తుకొని తల్లి ధ్రువపత్రమునకొకచోటికిని, చికిత్సకొకచోటికిని, పింఛనునకు మరియొకచోటికిని తిరుగవలసివచ్చుట న్యాయము కాదు.

సహాయకులు లేరా? 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఈ సీమలో వికలాంగుల కొఱకు పాఠశాలలు నడిపినది. 1984లో సికింద్రాబాదున జాతీయ మానసిక వికలాంగుల సంస్థ యను పేర వెలసిన సంస్థ ప్రత్యేకోపాధ్యాయులకు శిక్షణ నొసగుచున్నది. అంగన్‌వాడీ గ్రామముననే కలదు. ఇన్ని దీపములుండియు వెలుగు విడివిడిగా నుండుటయే లోపము.

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము, ఇట్టివారికి సంరక్షకులను నియమించు స్థానిక సంఘమున జిల్లాధికారిని, స్వచ్ఛందసంస్థ ప్రతినిధిని, వైకల్యముగల వ్యక్తిని ఒక్కచోట కూర్చుండబెట్టినది. ఆ స్ఫూర్తి మండలమునకును దిగిరావలయును. నెలకొకనాడు వైద్యుడును, ఉపాధ్యాయుడును, అంగన్‌వాడీ కార్యకర్తయు, సంస్థల సేవకులును ఒక్క కప్పు క్రింద కూడి, బిడ్డ ప్రగతిని ఒక్క పుస్తకమున వ్రాసి, తల్లి మాటను మొదట వినవలయును.

‘నా తరువాత వీనికి దిక్కెవరు?’ అను ఆ తల్లి ప్రశ్నకు ఏ యొక్క సంస్థయు నుత్తరము కాజాలదు. అన్నియు కలిసిననే అది సాధ్యము.