వేలి మీద అంకె చూస్తే సరిపోదు, ఊపిరి లెక్కపెట్టాలి

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే వేలికి ఒక క్లిప్పు తగిలిస్తారు. దాని మీద 96 కనబడితే "ఆక్సిజన్ బాగానే ఉంది, వెళ్లి కూర్చోండి" అంటారు. 90 కంటే తగ్గితే పడక కోసం పరుగులు మొదలవుతాయి. కోవిడ్ రోజుల్లో ఎవరు ఇంట్లో ఉండాలో, ఎవరిని వార్డులో చేర్చాలో చాలాచోట్ల ఈ పల్స్ ఆక్సీమీటరే తేల్చింది. అది అందరి శరీరాలనూ ఒకేలా చదువుతుందా అనే ప్రశ్నను కేవలం వైద్యులకు వదిలేయలేం. అది హక్కుల ప్రశ్న కూడా.

నిజానికి కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ మార్గదర్శకాలు రెండు కొలతలు చూడమన్నాయి. ఆక్సిజన్ 90 నుంచి 93 శాతం మధ్య ఉన్నా, లేదా నిమిషానికి శ్వాసలు 24 దాటినా వార్డులో చేర్చాలి. ఆక్సిజన్ 90 కంటే తగ్గినా, లేదా శ్వాసలు 30 దాటినా తీవ్రమైన స్థితిగా చూడాలి. ఇందులో "లేదా" అన్న మాటే ముఖ్యం. జనానికి గుర్తుండిపోయింది మాత్రం యంత్రం చూపే అంకె ఒక్కటే.

ఈ యంత్రానికి మూలసూత్రాన్ని 1970లలో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టారు. ఎరుపు కాంతి, పరారుణ కాంతి వేలి గుండా వెళ్తాయి. రక్తం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూసి యంత్రం ఆక్సిజన్ శాతాన్ని అంచనా వేస్తుంది. అయితే చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని పర్యవసానాన్ని చూపించారు. యంత్రం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువగా తేలిన సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, అంటే మూడు రెట్లకు పైగా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013 నిబంధనల్లో, పరీక్షలో పాల్గొనేవారిలో కనీసం ఇద్దరు లేదా 15 శాతం మంది ముదురు రంగు చర్మం వాళ్లు ఉంటే చాలు. ఆ నిబంధనలను మార్చే ముసాయిదా 2025 జనవరిలో గానీ రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చర్మం రంగు కులానికి గుర్తు కాదు. అంటరానితనానికి జాతి మూలమన్న సిద్ధాంతాన్ని అంబేద్కరే తిరస్కరించారు. కాబట్టి అమెరికా లెక్కల్ని తెచ్చి నేరుగా దళితులకు అతికించకూడదు. మన దగ్గర కులం ఈ యంత్రాన్ని వేరే దారుల్లో తాకుతుంది.

మొదటిది రక్తహీనత. ఆక్సీమీటర్ చూపేది రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో మాత్రమే. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలియదు. 12 ఉండాల్సిన చోట 6 ఉన్న కూలీ మహిళకు కూడా అది 98 చూపించగలదు. ఆమె రక్తం మోసే ఆక్సిజన్ మాత్రం సగమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం.

రెండోది చేసే పని. మ్యాన్‌హోల్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ శరీర కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా శరీరానికి అందదు. అలాంటప్పుడు యంత్రం మామూలు అంకెనే చూపించవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ ఉన్నట్టే చదువుతుంది. మురుగు కాలువల్లోకి ఏ కులాలవాళ్లను దింపుతున్నారో మళ్లీ చెప్పనక్కర్లేదు. 2013 చట్టం ఉన్నా ఆ చావులు ఆగలేదు.

ఈ సందర్భాలన్నిటిలో శరీరం ముందే హెచ్చరించవచ్చు. ఊపిరి వేగం పెరుగుతుంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతుంది, మనిషి పూర్తి వాక్యం మాట్లాడలేకపోతాడు, తికమకపడతాడు. వీటిని పట్టుకునేది నర్సు కన్ను. ఛాతీ కదలికను పూర్తి నిమిషం పాటు, వీలైతే రోగికి తెలియకుండా లెక్కపెట్టాలని నర్సింగ్ పాఠాల్లో నేర్పుతారు. అయినా అన్ని కొలతల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదేనని వైద్య పరిశోధనలు ఏళ్లుగా చెబుతున్నాయి.

ఆ నిర్లక్ష్యాన్ని నర్సుల మీదకు నెట్టడం తేలిక. కానీ లెక్క చూడండి. ఒక నర్సు చేతిలో 30 మంది ఉంటే, ఒక్కసారి ఊపిరి లెక్కపెట్టడానికే అరగంట పడుతుంది. బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఖాళీలు నింపకుండా, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాలతో నెట్టుకొచ్చే వార్డులో ఆ నిమిషం దొరకదు. దాని మూల్యం చెల్లించేది ప్రభుత్వాసుపత్రి తప్ప వేరే దిక్కులేని మనవాళ్లే.

రాయని కొలతకు ఇంకో నష్టమూ ఉంది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. అదే ఏడాది జులైలో కేంద్రం రాజ్యసభలో, ఆక్సిజన్ కొరతతో మరణాలను రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని జవాబిచ్చింది. కాగితం మీద లేని చావు ప్రభుత్వం లెక్కలో ఉండదు. మురుగు కాలువ మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఆ పరిహారం కోసం కొట్లాడే కుటుంబానికి, ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఊపిరి ఎలా ఉందో, ఎక్కడి నుంచి తెచ్చారో రాసిన కేస్ షీట్ పెద్ద ఆధారం.

2021 జులైలో కేంద్రం ఆక్సీమీటర్ల మీద వ్యాపార లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసింది. ధర చూసిన ప్రభుత్వం కచ్చితత్వాన్నీ చూడాలి. ఇక్కడి అన్ని చర్మ ఛాయల మీద పరీక్షించి, ఫలితాన్ని పెట్టె మీద రాయించాలి. నర్సుల ఖాళీలను శాశ్వత నియామకాలతో నింపాలి. శ్వాస రేటు రాయకుండా రోగిని ఇంటికి పంపే పద్ధతి పోవాలి.

అంతవరకు, రోగికి తోడుగా వెళ్లే కార్యకర్తలు, విద్యార్థులు మూడు ప్రశ్నలు అడగొచ్చు. నిమిషానికి ఎన్ని శ్వాసలు? హిమోగ్లోబిన్ ఎంత? ఈ మనిషి చేసే పని ఏమిటో కేస్ షీట్‌లో రాశారా?