ఉచిత విద్యుత్తు – రైతు ప్రాణము

మన రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభలయందును విద్యుచ్ఛక్తిని గూర్చి జరుగుచున్న చర్చలను మేము కొన్ని సంవత్సరములుగా చదువుచునే యున్నాము. చర్చ యెచ్చట మొదలైనను తుదకు ధరయొద్దకే వచ్చి నిలుచుచున్నది. 2023 డిసెంబరు 21న తెలంగాణ శాసనసభలో ప్రభుత్వమువారు శ్వేతపత్రము పెట్టి, విద్యుత్సంస్థల అప్పులు 81,516 కోట్ల రూపాయలని చెప్పిరి. మరుసటి మార్చి నెలనుండి ఆ రాష్ట్రమున నెలకు 200 యూనిట్లకు మించకుండ వాడు అర్హులైన కుటుంబములకు బిల్లు లేకుండ చేసిరి. ఆంధ్రప్రదేశమున 2024 నవంబరులో దీపము రెండవ పథకము క్రింద సాలుకు మూడు గ్యాసు బండలను ఉచితముగా నిచ్చుట మొదలయ్యెను. సేద్యపు మోటారులకు ఉచిత విద్యుత్తు 2004వ సంవత్సరమునుండియే కలదు. ఇవి యన్నియు మంచివే. ఇంటి ఖర్చు తగ్గుట యెవరికి చేదు? కాని ధరమాట విన్నన్ని పర్యాయములు ప్రాణముమాట మనకు వినవచ్చుట లేదు.

దేశమున విద్యుద్ఘాతమువలన సాలుకు పదివేలమందికి పైగా మరణించుచున్నట్లు ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. అందు పొలము గట్టుమీద పోయినవా రెందఱో ప్రతి గ్రామస్థుడును ఎఱుగును. మే మెఱిగిన యొక గ్రామమున వరి పొట్టమీద నుండగా ట్రాన్సుఫార్మరు ఫ్యూజు కాలిపోయెను. లైనుమనుని క్రింద పలు గ్రామములు. అతడు ఆనాడు రాజాలడు. చేను ఎండుచుండగా ఊరకుండలేక ఒక యువకుడు ఏబీ స్విచ్చిని తానే దించి, ఫ్యూజుతీగ కట్టబోయెను. మూడు కత్తులలో రెండు మాత్రమే విడివడినవి. తుప్పు పట్టిన మూడవది అంటుకొనియే యున్నది. క్రిందనుండి చూచువారి కది తెలియదు. అతనికి ఇద్దఱు బిడ్డలు. ఆ స్విచ్చి చెడియున్నదని మీరు ముందుగా వ్రాసి యిచ్చితిరా యని మేము ఊరివారి నడిగినపుడు ఒక పెద్దరైతు, "ఉచితముగా నిచ్చెడి కరెంటయ్యా, ఏ మొగము పెట్టుకొని అడుగుదుము?" అనెను.

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. ఏల యనగా, మన రైతులలో ననేకుల మనస్సున నున్న మాట అదియే. అది తప్పు మాట. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 65వ సెక్షను ప్రకారము, ప్రభుత్వము ఏ తరగతి వాడుకదారులకైనను ధర తగ్గింపదలచినచో, ఆ తగ్గింపు సొమ్మును పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లింపవలయును. అనగా మన మోటారు త్రాగు ప్రతి యూనిటుకును వెల కలదు; దానిని మనకు మారుగా ఖజానా చెల్లింపవలసియున్నది. ఆ ఖజానాలోని సొమ్ము ఎవరిది? మనము కొను సబ్బుబిళ్ల మీద సైతము పన్ను పుచ్చుకొనియే గదా అది నిండుచున్నది. కావున మనము భిక్ష గొనువారము కాము, సరకు కొనువారము. చెల్లింపు ఆలస్యమైనచో అది ప్రభుత్వమునకును సంస్థకును నడుమనున్న లెక్క. దాని నెపమున తుప్పు పట్టిన స్విచ్చిని మనకు అంటగట్టుటకు వీలు లేదు.

ఇక తీగల సంగతి. వీథికి అడ్డముగా పోవు తక్కువ ఓల్టేజి తీగ నేలకు 5.8 మీటర్లకు తక్కువ ఎత్తున నుండరాదనియు, పొలములమీదుగా పోవు వట్టితీగ 4.6 మీటర్లకు తక్కువ నుండరాదనియు నిబంధన కలదు. 4.6 మీటర్లనగా రమారమి పదునైదడుగులు. గడ్డి వేసికొని వచ్చు ట్రాక్టరుమీద నిలిచిన మనిషికి చేయి అందునంత క్రిందుగా తీగ వ్రేలాడుచున్న తావులు ఏ ఊరిలో లేవు? (ఎత్తు కొలుచుటకై గడకఱ్ఱ లెత్తవద్దు సుమా, కంటితో చూచినదే చాలును.)

మన తప్పులును చెప్పకుండుట న్యాయము కాదు. ఆటోస్టార్టరు పెట్టి ఇంట నిద్రించుట సుఖమే. కాని కరెంటు పోయినదని బావిలోనికి దిగినవాడు పైపు పట్టుకొని యుండగా, కరెంటు తిరిగి వచ్చి మోటారు తనంతట తాను తిరుగును. ఇనుప స్టార్టరు పెట్టెకు ఎర్తు లేనిచోట్లు లెక్కకు మిక్కిలి. ఒక గొయ్యి త్రవ్వి, పైపు దించి, బొగ్గును ఉప్పును వేసి, వేసవిలో రెండు బిందెల నీరు పోయుట మన చేతిలోని పని. ఇంటిలో 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటును కోసివేయు స్విచ్చిని మంచి ఎలక్ట్రీషియనుచే పెట్టించుకొనవచ్చును. గ్యాసు గొట్టమును అయిదేండ్ల కొకసారి మార్పవలెను.

అడవిపందులకని చేనిచుట్టు తిన్నగా కరెంటు తీగ లాగుట మాత్రము తప్పుతో పోవునది కాదు, నేరము. ఆ తీగ పంది నెఱుగదు. తెల్లవాఱుజామున నీరు కట్టవచ్చిన పొరుగువానిని, కొన్ని తావుల తీగ పెట్టినవానినే, చంపినది. దానికి విద్యుచ్చౌర్యపు శిక్షయే గాక నరహత్య కేసును పడును. పంట పోవుట కష్టమే, మాకు తెలియును. బ్యాటరీతోనో సూర్యరశ్మితోనో నడచు, దెబ్బ తగిలించి వదలిపెట్టు కంచెలు వేఱుగ కలవు; నలుగురు రైతులు కలిసి వేసికొనిన ఖర్చు పంచుకొనవచ్చును.

సంఘము చేయదగిన పని యొకటి కలదు. ఏటేట నవంబరు ముగియులోపల పంపిణీ సంస్థలు రాబోవు సాలు లెక్కలను విద్యుచ్ఛక్తి నియంత్రణ మండలి యెదుట పెట్టవలయును. పిమ్మట మండలి ప్రజల అభ్యంతరములను వ్రాతమూలముగా పుచ్చుకొని, బహిరంగ విచారణ జరిపి ధరలు నిర్ణయించును. ఎవరైనను వ్రాయవచ్చును. మే మెఱిగినంతవఱకు అచ్చట ధరలనుగూర్చి వాదించు రైతులు కలరు గాని, పనిచేయని స్విచ్చిల జాబితా పట్టుకొని పోయినవారు అరుదు. సహకారపద్ధతి ఈ రంగమునకు క్రొత్తయు కాదు; సిరిసిల్లలో 1970 ప్రాంతమునుండి సభ్యులు ఎన్నుకొను సహకార సంఘమే విద్యుత్తును పంపిణీ చేయుచు వచ్చినది.

కావున సభ్యులు తమ తమ పొలములకు కరెంటు నిచ్చు ట్రాన్సుఫార్మరు స్తంభము నంబరు, స్విచ్చి స్థితి, వ్రేలాడు తీగల తావు, లైనుమను పిలిచిన ఎన్నవ దినమున వచ్చెనో ఒక చీటీమీద వ్రాసి కార్యదర్శిగారికి ఇయ్యవలెను. వ్రాయనేరనివారు నోట చెప్పినను ఆయన వ్రాసికొనును. అన్నియు కూర్చి, ఒక ప్రతి డివిజను ఇంజనీరుగారికి పంపి, తేదీ వేసిన రసీదు పుచ్చుకొని, రెండవ ప్రతిని నవంబరువఱకు సంఘము బీరువాలో నుంచెదము.