సున్నా వడ్డీ కాగితం, చిరిగిన ఊఫరు

మొన్నటి వర్షాకాలంలో ఒక ఆదివారం అసర్ నమాజు తరువాత, పాశమైలారం పారిశ్రామికవాడలో కాంట్రాక్టు పనిచేసే ఒక సోదరుడు మా వద్దకు వచ్చారు. ఆయన కుమారుడు మా మదర్సాలో నాజిరా చదువుతున్నాడు. ఆయన చేతిలో ఏదో దుకాణం వారి కాగితం ఉంది.

"మౌలానా సాబ్, ఇందులో వడ్డీ ఉందో లేదో చూసి చెప్పండి" అన్నారు.

సంగతేమిటంటే, ఇంట్లోని హోమ్ థియేటరు సబ్ ఊఫరు పాడైంది. పదకొండేళ్ళ క్రితం తన తొలి బోనసుతో కొన్న సెట్టు అది. పాతది తమకిచ్చి, కొత్తది 12 వాయిదాలపై తీసుకువెళ్ళమని దుకాణదారు చెప్పారట. కాగితంపై 'సున్నా వడ్డీ' అని పెద్ద అక్షరాలున్నాయి. అడుగున చిన్న అక్షరాలలో ప్రాసెసింగ్ రుసుము ఉంది. పైగా రొక్కమిచ్చేవారికి దొరికే తగ్గింపు వాయిదాల వారికి లేదు. ఇటువంటి పథకాలలో వడ్డీయే తరచు రుసుము రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. మేము ఆ విషయమే చెప్పాము. కాగితం పక్కన పెట్టి మరొకటి అడిగాము: "భాయ్, అసలు పాతది బాగుపడదని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు.

ఈ ప్రశ్న మాకు ఊరకే తోచలేదు. కొన్నేళ్ళ క్రితం మా మదర్సా ఆంప్లిఫయరు గుంయ్‌మని మోగుతుంటే, ఎవరికీ చూపకుండానే అది పనికిరాదని తీర్మానించి, చందాలు పోగుచేసి కొత్తది కొన్నాము. తరువాత తెలిసింది, ఊడినది ఒక్క ఎర్త్ తీగ మాత్రమేనని. ఆ చందాలో రోజుకూలీల రూపాయలూ ఉన్నాయి. ఆ తప్పు మాదే.

మరునాడు పటాన్‌చెరులో రేడియోల కాలం నుండి మరమ్మతులు చేస్తున్న ఒక పెద్దాయన వద్దకు ఇద్దరమూ వెళ్ళాము. ఆయన మొదట కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచును చూశారు. ఆ అంచు ఫోమ్‌తో చేసినదైతే గాలిలోని తేమకు పది పదిహేనేళ్ళలో పొడిపొడిగా రాలిపోతుందట. రబ్బరుదైతే ఎక్కువ కాలం నిలుస్తుంది. తరువాత వేళ్ళతో కోన్‌ను నలువైపులా సమంగా నొక్కారు. గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటున్నట్లు. ఆపై మల్టీమీటరు పెట్టారు. 4 ఓమ్‌ల స్పీకరు 3కు పైన చూపితే కాయిల్ తెగలేదని అర్థం. తెగినా చింత లేదు. అయస్కాంతం, ఇనుప చట్రం అలాగే ఉంచి కాయిల్, కోన్ కొత్తవి వేయవచ్చు. దీనిని రీకోనింగ్ అంటారు. విడిభాగాలు ఇక్కడ దొరకకపోతే కోఠీలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. డ్రైవరు మొత్తం మార్చదలిస్తే సైజుతోపాటు ఓమ్‌లూ కలవాలి. తక్కువ ఓమ్‌లది బిగిస్తే ఆంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చు.

స్పీకరు బాగుండి హోరు మాత్రమే వస్తుంటే, ఉబ్బిన కెపాసిటర్లు కారణం కావచ్చు. అవి ఖరీదైనవి కావు. అయితే ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది గనుక, పిల్లలను ఆ మూత తెరవనీయరాదు.

అన్నీ బాగుచేయదగినవి కావు. వాననీటికి చెక్కపొట్టు పెట్టె ఉబ్బిపోయినా, బోర్డుపై ఐసీ దొరకకపోయినా, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా వదిలివేయడమే మేలని మా అభిప్రాయం. అప్పుడు కూడా రొక్కం కూడేవరకు ఆగవచ్చు. పాటలు లేక ఏ ఇల్లూ పస్తుండదు.

వదిలివేసినది ఎక్కడికి వెళుతుందో కూడా ఆలోచించాలి. రాగి కోసం తీగలు కాల్చే తుక్కువారికి అమ్మితే ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చిన పటాన్‌చెరు–బొల్లారం మనదే. నక్కవాగు నీటిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. 2022 నాటి ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్లకే ఇటువంటివి చేరాలి.

ఆ సోదరుని ఊఫరులో పోయినది ఫోమ్ అంచు ఒక్కటే. 700 రూపాయలతో సరిపోయింది. వెనుక స్పీకరు ఒకటి కూడా బలహీనంగానే ఉందని పెద్దాయన చెప్పగా, "అది వచ్చే నెల జీతంలో" అన్నారాయన. ఇంటికి చేరాక కుమారుడు ఉత్సాహంగా శబ్దం పెంచబోతే, తల్లి గోడవైపు చూపించిందట. పక్కింటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి అప్పుడే పడుకున్నారు.