ప్రవేశాల సలహాదారుకు కావలసింది విస్తరణ దృష్టి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడిన నాటి నుండి వ్యవసాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ విభాగాలకు ఫోన్ల తాకిడి మొదలవుతుంది. ఈ ర్యాంకుకు సీటు వస్తుందా, రైతు కోటాకు ఏ పత్రాలు కావాలి, నాలుగేళ్లు చదివాక ఉద్యోగం దొరుకుతుందా అన్నవి తల్లిదండ్రుల ప్రధాన సందేహాలు. వీటికి సమాధానమిచ్చేవారు సహాయ కేంద్రంలోని అధ్యాపకులు కావచ్చు, కార్యాలయ సిబ్బంది కావచ్చు, ప్రైవేటు కళాశాల ప్రతినిధులు కావచ్చు. ఎవరైనప్పటికీ, ఒక కుటుంబం తన బిడ్డ నాలుగేళ్ల కాలాన్ని, కూడబెట్టిన సొమ్మును ఏ దారిలో పెట్టాలో నిర్ణయించుకునే వేళ వారి మాట బలంగా పనిచేస్తుంది. ఇంతటి బాధ్యత గల పనికి తగిన శిక్షణ అవసరమన్న స్పృహ మాత్రం విద్యాసంస్థలలో ఇంకా బలపడలేదు.

ప్రవేశాల పనిని కేవలం పాలనా వ్యవహారంగా చూడటమే ఇందుకు ముఖ్య కారణం. నిజానికి అది విస్తరణ విద్యకు అతి సన్నిహితమైన పని. ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం విస్తరణ విద్యార్థులందరికీ సుపరిచితమే. మార్పు ప్రతినిధి తన సంస్థ ప్రయోజనం కంటే లబ్ధిదారు అవసరం వైపు ఎంత మొగ్గితే అంతగా సఫలుడవుతాడన్నది అందులోని ఒక ముఖ్య ప్రతిపాదన. కొత్త వంగడం గురించి రైతుకు చెప్పేటప్పుడు పాటించే ఈ సూత్రం, కొత్త కోర్సు గురించి రైతు బిడ్డకు చెప్పేటప్పుడు వర్తించకపోవడానికి కారణమేదీ లేదు.

నియమాలపై పట్టు

సలహాదారుకు ఉండవలసిన మొదటి నైపుణ్యం ప్రవేశ నియమాలపై కచ్చితమైన అవగాహన. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీలకు బైపీసీ విద్యార్థులు ఎప్‌సెట్ ద్వారా వస్తారు. వ్యవసాయ ఇంజనీరింగుకు ఎంపీసీ నేపథ్యం కావాలి. వ్యవసాయ డిప్లొమా చేసినవారు డిగ్రీలో చేరడానికి అగ్రిసెట్ ఉంది. జాతీయ స్థాయి సీట్లకు సీయూఈటీ రాయాలి. ఈ దారులలో ఏ ఒక్కటి తెలియకపోయినా సలహా అసంపూర్ణమే అవుతుంది.

రైతు కోటా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వ్యవసాయ డిగ్రీలో 40 శాతం సీట్లు రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేకించినవి. అయితే అందుకు కుటుంబానికి భూమి ఉండటంతో పాటు, విద్యార్థి నిర్ణీత కాలం గ్రామీణ ప్రాంతంలో చదివినట్లు ఆధారమూ చూపాలి. భూమి ఇంకా తాత పేరునే ఉండిపోయిన కుటుంబాలు గ్రామాలలో తక్కువేమీ కాదు. పట్టా మార్పిడి కౌన్సెలింగు ముందురోజు జరిగే పని కాదు. నాలుగు ఊళ్లలో చదివిన విద్యార్థి ఆయా పాఠశాలల నుండి ధ్రువపత్రాలు తెచ్చుకోవడానికీ వ్యవధి పడుతుంది. సొంత భూమి లేని కౌలు రైతు తాను రైతునే కదా అన్న నమ్మకంతో వస్తాడు. భూమి పత్రం లేనిదే కోటా వర్తించదన్న సంగతి అతనికి ముందుగానే, మర్యాదగా, స్పష్టంగా చెప్పి, తక్కిన దారులు చూపాలి. అర్హత ఉండీ పత్రం లేక సీటు కోల్పోయిన విద్యార్థి ఓటమికి మూలం చాలాసార్లు సమాచారం ఆలస్యంగా అందడమే.

వినే ఓర్పు

చెప్పడం కంటే వినడం కష్టమైన విద్య. సహాయ కేంద్రంలో ప్రశ్న విద్యార్థిని అడిగితే సమాధానం తండ్రి నుండి రావడం సర్వసాధారణం. తండ్రి మాటను గౌరవిస్తూనే విద్యార్థి చేత మాట్లాడించడం సలహాదారు నేర్పు. అమ్మాయిని దూరపు కళాశాలకు పంపడానికి సందేహించే తల్లి ఫీజుల గురించి అడుగుతున్నా, ఆమె అసలు దిగులు వసతి గృహం గురించి కావచ్చు. ఆ దిగులును గుర్తించనిదే ఎంత సమాచారమిచ్చినా ప్రయోజనం లేదు.

బైపీసీ విద్యార్థులలో పలువురి చూపు వైద్య విద్యపైనే ఉంటుంది. నీట్‌లో సీటు రానప్పుడు వ్యవసాయం రెండో ఎంపికగా మిగులుతుంది. ఇందులో తప్పేమీ లేదు. అయితే మరుసటి ఏడాది మళ్లీ నీట్ రాసే ఉద్దేశంతో చేరి, మధ్యలో వెళ్లిపోయే విద్యార్థి వల్ల తనకు ఒక సంవత్సరం, మరొకరికి ఒక సీటు నష్టమవుతాయి. ఆ ఉద్దేశాన్ని మందలింపు లేకుండా అడిగి తెలుసుకుని, సీటు వదులుకుంటే కలిగే పరిణామాలను వివరించడం సలహాదారు ధర్మం.

నిజాయితీకి పరీక్ష

ఉద్యోగావకాశాల ప్రస్తావన వచ్చినప్పుడే సలహాదారు నిజాయితీ తేలుతుంది. వ్యవసాయాధికారి, వ్యవసాయ విస్తరణాధికారి పోస్టులకు ప్రకటనలు ఏటా క్రమం తప్పకుండా రావు. బ్యాంకులలో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులు, విత్తన, సస్యరక్షణ సంస్థలలో ఉద్యోగాలు, ఉన్నత విద్య, స్వయం ఉపాధి వంటివి ఉన్నా, వాటికీ పోటీ ఉంది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం ఖాయమని చెప్పడం మొలక శాతం చూపని విత్తన సంచిని రైతుకు అంటగట్టడం వంటిది. ప్రైవేటు కళాశాల అయితే విశ్వవిద్యాలయ అనుబంధం, భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉన్నాయో లేదో అడగకముందే చెప్పాలి.

చదువు స్వభావాన్నీ దాచకూడదు. బోధన ఆంగ్లంలో ఉంటుంది. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారికి మొదటి సెమిస్టరు భారంగా తోచవచ్చు. తెల్లవారుజామున పొలం పనులు, చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద పల్లె నివాసం తప్పవు. ఇవి ముందే తెలిసి చేరినవారు కష్టం ఎదురైనప్పుడు నిలబడతారు.

ఒక అభ్యంతరం, ఒక సూచన

సీట్ల కంటే దరఖాస్తులే ఎక్కువగా ఉన్నప్పుడు ఇంత శ్రమ ఎందుకని, నియమావళి అంతా వెబ్‌సైటులో ఉండగా ప్రత్యేక సలహా దేనికని కొందరు ప్రశ్నించవచ్చు. సీట్లు నిండుతాయన్నది నిజమే. అవి తగినవారితో నిండుతున్నాయా అన్నదే విచారించవలసిన విషయం. ఆంగ్లంలో ఉన్న సుదీర్ఘ ప్రకటనను మొదటి తరం చదువరి కుటుంబం సొంతంగా అర్థం చేసుకోగలదని ఆశించడం, పరిశోధనా పత్రం చదివి రైతు సాగు పద్ధతి మార్చుకుంటాడని ఆశించడంతో సమానం. ఈ అంతరాన్ని పూడ్చడానికే విస్తరణ వ్యవస్థ ఏర్పడింది.

అందుచేత ఆ వ్యవస్థనే ఇక్కడ వినియోగించుకోవడం సముచితం. జిల్లాలలోని ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలకు గ్రామాలతో నిత్యసంబంధం ఉంది. ఇంటర్మీడియట్ పరీక్షలకు ముందే, జనవరి నాటికి, కోర్సులు, కోటా నియమాలు, కావలసిన పత్రాలతో సరళమైన తెలుగు కరపత్రాన్ని వాటి ద్వారా రైతు కుటుంబాలకు చేర్చవచ్చు. ప్రవేశ విభాగాలలో పనిచేసే వారికి రాజేంద్రనగర్‌లోని విస్తరణ విద్యా సంస్థ వంటి చోట్ల రెండు మూడు రోజుల శిక్షణ ఏర్పాటు చేయవచ్చు. కౌన్సెలింగులో ఎక్కువగా ఎదురైన సందేహాలను నమోదు చేసి, మరుసటి ఏడాది ప్రకటనను ఆ మేరకు సవరిస్తే క్షేత్రస్థాయి స్పందన విశ్వవిద్యాలయానికి చేరినట్లవుతుంది.

ప్రవేశాల ప్రతినిధి పనితీరును చేర్చిన విద్యార్థుల సంఖ్యతో కొలవడం సరికాదు. చేరినవారిలో ఎందరు రెండో సెమిస్టరు నాటికి చదువులో కుదురుకున్నారు, అర్హత ఉండీ పత్రాలు లేక ఎందరు వెనుదిరిగారు అన్న లెక్కలే అసలైన కొలమానాలు. ఈ రెండు లెక్కలను ఏటా నమోదు చేయడం ఏ విశ్వవిద్యాలయానికీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.