మత్తుగాలికి త్రోవ

1888లోను, ఆ మరుసటి యేటను, హైదరాబాదులో ఎడ్వర్డు లారీ అను వైద్యుని చొరవతో, నిజాము ప్రభువు ధనసహాయముతో, వందలకొలది కుక్కలకు క్లోరోఫారము పట్టి, ముందు నిలిచిపోవునది గుండెయా ఊపిరియా యని విచారించి, ఊపిరియే యని తేల్చిరి. ఆ కుక్కలను పట్టుకొనిన పనివాండ్ర ఊపిరి మాత్రము ఆనాటి ప్రశ్న కాలేదు. నేటికిని పశువైద్యశాలలలో ఆ ప్రశ్న నడుగువారు అరుదు.

వీధికుక్కల సంతాననిరోధ శస్త్రచికిత్సలు చాలవరకు సూదిమందులతోనే సాగుచున్నవి గనుక అక్కడ మత్తుగాలి చిక్కు లేదు. పెంపుడు కుక్కకో పిల్లికో ఐసోఫ్లురేన్ అను మత్తు ఆవిరిని పట్టు ఆసుపత్రిలో ఆ చిక్కు ఉన్నది. మూతికి మాస్కు ఒత్తిపట్టి మత్తెక్కించునప్పుడు అంచుల సందులనుండి వెలువడు ఆవిరి, వంగి తల పట్టుకొనియున్న కాంపౌండరు ముక్కునకే ముందు తగులును. వాసన రాలేదు గదా యని ధైర్యపడరాదు. ఈ జాతి ఆవిరులకు అమెరికా వృత్త్యారోగ్యసంస్థ 1977లో సూచించిన హద్దు పదిలక్షల పాళ్ళ గాలికి 2 పాళ్ళే కాగా, ముక్కు పసిగట్టు వేళకు ఆ హద్దు ఎన్నో రెట్లు మీరియుండును. తలనొప్పి, మాంద్యము అటుండగా, గర్భవతులైన సిబ్బందికి గర్భస్రావభయమును చిరకాలముగా వైద్యులు చెప్పుచునే యున్నారు.

మన యనంతపురమున దీనికొక స్థానికదోషము తోడైనది. ఎండకును దుమ్మునకును జడిసి, కిటికీలన్నియు బిగించి, ఏసీ వేసికొని, గాలికి కొదువ లేదని తృప్తిపడుదుము. గోడకు తగిలించిన ఏసీ లోపలి గాలినే త్రిప్పి త్రిప్పి చల్లబరచునే గాని వెలుపలి గాలిని గ్రుక్కెడైనను తేదు. మత్తిచ్చు యంత్రము విడుచు గాలిని గోడగుండ వెలుపలికి పంపు గొట్టమే నా మతమున చౌకయైన ఉపాయము. కాని దాని మొగము పడమటికి పెట్టితిమా, రామగిరి కొండలపై గాలిమరలను త్రిప్పు ఆషాఢపు గాలియే ఆ మత్తుగాలిని మరల గదిలోనికి నెట్టును. తూర్పుగోడ మేలు. గొట్టమునకు బదులు మత్తుగాలిని పీల్చుకొను బొగ్గుడబ్బా వాడువారు దానిని తూచుచుండవలెను. 50 గ్రాములు బరువెక్కిన పిదప అది అలంకారమాత్రమే.

మాస్కు మాని బుడగ గల గొట్టమును శ్వాసనాళమున దింపుట, ఉదయమే యంత్రమున కారుడు పరీక్షించుట, కోత ముగిసినంతనే గొట్టము లాగివేయక కొంతసేపు వట్టి ఆక్సిజనే ఇచ్చుట, వేపరైజరులో మందును సాయంకాలము అందరు వెడలిన పిదప పోయుట, వీనికి ఖర్చు స్వల్పము. మత్తుగాలిని వెలుపలికి పంపు గొట్టమునకు రంధ్రము తొలిచిన గోడ పాడగునని కొందరందురు. ఆ గోడనే ఏసీ పైపులకై అంతకుముందే తొలిపించియుందురు.