పాత కంప్యూటర్‌కూ ఒక చీటీ కావాలి

"ఫార్మాట్ కొట్టించాం అన్నా." పాత కంప్యూటర్ అమ్మడానికి వచ్చినవాళ్లను డేటా సంగతి అడిగితే ఎవరైనా చెప్పే జవాబిదే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో నాది సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌ల వ్యాపారం. 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయిన దగ్గర్నుంచి సరుకు ఇంకా ఎక్కువే వస్తోంది. అందరూ కొట్టించేది క్విక్ ఫార్మాట్. దాంతో పోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒక్కటే. వాటిమీద కొత్తవి పడేదాకా ఫైళ్లు హార్డ్ డిస్కులోనే ఉంటాయి. రెకువా, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇంటర్ చదివే పిల్లాడైనా వాటిని బయటికి లాగగలడు.

సొంత లాప్‌టాప్ అమ్ముకునేవాళ్లకు ఇది పెద్ద సమస్యేం కాదు. కానీ చాలామంది విండోస్ సెట్టింగ్స్‌లో రీసెట్‌కు వెళ్లి 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుంటారు, అక్కడితో ఆగిపోతారు. ఆ తర్వాత 'చేంజ్ సెట్టింగ్స్' వస్తుంది. అందులో 'క్లీన్ డేటా' మామూలుగా 'నో' అనే ఉంటుంది, దాన్ని 'ఎస్' చేయాలి. అన్ని డ్రైవ్‌లూ తుడవాలా అని అడిగేదీ అక్కడే. సీ డ్రైవ్ శుభ్రంగా తుడిచి, పెళ్లి ఫొటోలన్నీ ఉన్న డీ డ్రైవ్‌ను అలాగే చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఎందరో.

అయినా వాళ్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఎవరి ఫొటోలకు వాళ్లే బాధ్యులు. జిరాక్స్ షాపు, నెట్ సెంటర్, ట్యాక్స్ కన్సల్టెంట్, డయాగ్నస్టిక్ సెంటర్... వీళ్ల సిస్టమ్ నా టేబుల్ ఎక్కిందంటే మాత్రం గుండె దడదడలాడుతుంది. ఆ మధ్య ఓ నెట్ సెంటర్ సిస్టమ్ వచ్చింది. డౌన్‌లోడ్స్ తెరిస్తే కిందికి జరిపేకొద్దీ ఈ-ఆధార్ పీడీఎఫ్‌లే. వాటికి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ సంగతి తెలియనిదెవరికి? పక్క ఫోల్డర్‌లో అదే మనిషి పదో తరగతి మెమో, పుట్టిన తేదీతో సహా. ఇంకో దాంట్లో తెల్లకాగితం మీద సంతకం, పాస్‌పోర్ట్ సైజు ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఒక మనిషి పేరున అప్పు తీసుకోవడానికి ఇంకేం కావాలి? ఇరవై రూపాయలిచ్చి ప్రింటు తీసుకుని వెళ్లినవాళ్లకు ఆ సిస్టమ్ అమ్ముడుపోయిందన్న కబురైనా తెలియదు.

పెద్ద సంస్థలేమీ తీసిపోలేదు. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన డేటా సెంటర్లు మూసేటప్పుడు, డేటా చెరపడంలో ఏ అనుభవమూ లేని ప్యాకర్స్ అండ్ మూవర్స్ తరహా కంపెనీకి ఆ పని అప్పగించింది. ఖాతాదారుల వివరాలున్న సామాను కొంత చెరపకుండానే ఇంటర్నెట్ వేలంలో అమ్ముడైంది. 2022లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలూ వచ్చాయి. పని అయిపోయాక వివరాలు చెరిపేయాలని అందులో ఉంది. కాపాడటంలో అశ్రద్ధ చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. అంత పెద్ద అంకె చూసి బస్టాండు పక్క జిరాక్స్ షాపతను భయపడడు. ఇది మనలాంటోళ్లకు కాదులే అనుకుంటాడు.

పాత స్కూటర్ అమ్మితే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడతాం. ఊరివాళ్ల కాగితాలన్నీ ఉన్న కంప్యూటర్‌కు మాత్రం రేటు కుదిరితే చాలు, బేరం ముగిసినట్టే. పదిమంది కాగితాలతో వ్యాపారం చేసేవాళ్లెవరైనా సిస్టమ్ అమ్మేటప్పుడు ఒక చీటీ ఇవ్వాలంటాను. డిస్క్ సీరియల్ నంబరు, ఎలా చెరిపారు, ఏ తేదీన చెరిపారు, కింద సంతకం. అంతే. చీటీ లేకుండా కొన్న నాలాంటి వ్యాపారికీ జరిమానా పడాలి. మా లైన్‌లో ఈ మాట చాలామందికి రుచించదని తెలుసు. టైమ్ ఎక్కడిదంటారు. 500 జీబీ హార్డ్ డిస్క్‌ను సున్నాలతో నింపి చెరపడానికి గంటన్నర, రెండు గంటలు. రాత్రి షటర్ దించేముందు పెట్టి వెళ్తే తెల్లారేసరికి అయిపోయి ఉంటుంది.

ముప్ఫై అయిదుసార్లు చెరపాలని చెప్పే మహానుభావులు ఇంకా ఉన్నారు. అది 1996లో పీటర్ గుట్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అప్పటి డిస్కుల గురించి రాసిన సంగతి. ఇప్పటి హార్డ్ డిస్క్‌కు ఒక్కసారి చాలు. ఎస్ఎస్‌డీ అయితే దాని కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. ఇక సుత్తి పట్టుకునే బ్యాచ్ వేరే. తిరగడం మానేసిన డిస్క్‌ను పగలగొట్టండి, వద్దనను. బాగా నడిచే డిస్క్‌ను పగలగొడితే డిప్లొమా చదివే ఎవరో కుర్రాడు ఇంకో రెండు వేలు పెట్టి కొత్తది కొనుక్కోవాలి.

ప్రభుత్వం ముందు తన ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఆఫీసుల్లో పాత సిస్టమ్‌లు వేలం వేసే టెండరులో ఈ చీటీ షరతు ఒక లైను, మీసేవ కేంద్రాలతో చేసుకునే ఒప్పందంలో ఇంకో లైను చేర్చాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.