తూలి నడిచే పిల్లికూనల్ని పెంచుకోవాలనుకుంటున్నారా?



పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు అంటూంటారు కదా. 2022 శ్రావణమాసంలో మా పెరటి సామాన్ల గదిలో పిల్లల్ని పెట్టిన పిల్లి కూడా అలాగే ఒక రాత్రి వాటిని నోట కరుచుకుని ఎటో మార్చేసింది. మొత్తం నాలుగు కూనలు. తెల్లారి తలుపు తీసి చూస్తే రెండు అక్కడే ఉన్నాయి. మళ్ళీ వస్తుందేమోనని మర్నాడు సాయంత్రం దాకా ఎదురు చూశాను. రాలేదు.

దగ్గరికెళ్ళి చూశాక సంగతి తెలిసింది. నెల రోజుల కూనలు. నాలుగడుగులు వేసి ఐదో అడుగుకి పక్కకి ఒరిగిపోతున్నాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, కవాతు చేసే సిపాయిల్లా ఎత్తెత్తి వేస్తున్నాయి. గిన్నె దగ్గరికి మూతి తెచ్చేసరికి తల ఊగిపోయి ముక్కు పాలల్లో మునిగిపోతోంది. నిద్రపోతున్నప్పుడు మాత్రం ఒంట్లో ఏ వణుకూ లేదు. మామూలు పిల్లికూనల్లాగే ఒకదాని మీద ఒకటి పడి పడుకున్నాయి.

"వీటికేదో గాలి సోకిందే అమ్మాయ్, ఇంట్లోకి తేకు" అన్నారు మా అత్తయ్యగారు. మావారు ఏమీ అనలేదు గానీ, ఆయన మొహంలోనూ అదే మాట కనిపించింది. నేను మొదట చూపించిన డాక్టరుగారు ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "ఇవి బతికి బావుకునేదేముందమ్మా? ఒక ఇంజక్షన్ చేసేస్తే వాటి బాధా పోతుంది, మీ బాధా పోతుంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమేనేమో అనుకుంటూనే బుట్ట తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాధ అంటున్నారు కదా, మరి బాధ ఉన్న ప్రాణి చీపురుపుల్ల వెంట పడి ఆడుతుందా?

వారం తర్వాత ఇంకొక డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. మా అమ్మాయి వాటి నడకనీ, తిండి తినే తీరునీ, నిద్రనీ ఫోన్లో వీడియో తీసి పెట్టింది. ఆయన అవి చూసి, కూనల్ని నేల మీద వదిలి చూసి, చెవులూ కళ్ళూ పరీక్షించి అప్పుడు చెప్పారు. దీన్ని సెరిబెల్లార్ హైపోప్లేసియా అంటారట. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళకి అనుమస్తిష్కం గుర్తుండే ఉంటుంది. తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడు. ఏ కాలు ఎంత ఎత్తాలి, ఎక్కడ ఆపాలి అని కొలత చూసేది అదే. ఈ కూనల్లో అది పూర్తిగా ఎదగలేదన్నమాట.

ఎందుకు ఎదగలేదంటారా? చాలావరకు కారణం పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్. తల్లి పిల్లి చూలుతో ఉన్నప్పుడు సోకినా, పుట్టిన కొద్ది రోజులకే కూనకు సోకినా, ఆ సమయంలో చురుగ్గా పెరుగుతున్న చిన్నమెదడు కణాలను అది దెబ్బతీస్తుంది. ఒకే ఈతలో ఒక కూన బాగానే ఉండి, ఒకటి కొద్దిగా తూలి, ఇంకొకటి అసలు నిలబడలేకపోవచ్చు. చూలు పిల్లికి బతికున్న వైరస్‌తో చేసిన టీకా వేసినా ఇలా జరగవచ్చు. అందుకే టీకాకు తీసుకెళ్ళినప్పుడు పిల్లి చూలుతో ఉందన్న అనుమానం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆయన చెప్పిన మాటల్లో నాకు ధైర్యమిచ్చినవి నాలుగు. ఇది నొప్పి పుట్టించేది కాదు. వయసుతో పాటు ముదిరేది కాదు. ఈ తూలుడు ఇంకో పిల్లికి గానీ మనకి గానీ అంటుకోదు. తక్కిన ఆరోగ్యం బాగుంటే మామూలు పిల్లిలాగే నిండా బతుకుతుంది. ఐదో మాట మాత్రం నేను సరిగా చెవిన పెట్టలేదు: "దీనికి మందు లేదమ్మా, తగ్గదు." దాని ఫలితం తర్వాత చెబుతాను.

ఇక ఇంటి సంగతికి వద్దాం. పిల్లిని మార్చలేం కాబట్టి ఇంటినే కొంచెం మార్చుకోవాలి. పెద్ద ఖర్చేమీ లేదు, అన్నీ మన ఇళ్ళల్లో ఉండేవే.

నున్నటి టైల్సూ, గ్రానైటూ వీటికి పెద్ద శత్రువులు. మా కూనల్లో ఎక్కువ తూలేదానికి మా అమ్మాయి బొంగరం అని పేరు పెట్టింది. అది టైల్స్ మీద నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి జారి చతికిలబడేది. ఉతికి ఆరబెట్టిన గోనెపట్టాలు, కొబ్బరిపీచు పట్టాలు గది నుంచి గదికి దారిలా పరిచాను. గోళ్ళకి పట్టు దొరకగానే నడక సగం కుదుటపడింది. అందుకే గోళ్ళు మొదలంటా కత్తిరించకండి. కొనలు మాత్రం తీస్తే చాలు. దూకలేకపోయినా గోళ్ళతో పాకి మంచం ఎక్కే పిల్లికి అవే ఆధారం. మంచం పక్కన పాత బొంత ఒకటి మడిచి వేస్తే, పడినా దెబ్బ తగలదు.

తిండి పెట్టే పళ్ళెం బరువుగా, అంచుతో ఉండాలి. చిన్న పీట మీద పెడితే తల మరీ వంచనక్కర్లేదు. పళ్ళేన్ని గోడ వారగా పెట్టండి, పిల్లి గోడకి ఆనుకుని తింటుంది. నీళ్ళకి స్టీలు గిన్నె పెడితే రోజుకి పదిసార్లు ఒలకబోసేది. చివరికి మా అత్తయ్యగారే అటక మీద నుంచి తన పాత రాచ్చిప్ప దింపించి, "ఇది ఏనుగు తన్నినా ఒరగదు, దీంట్లో పొయ్యి" అన్నారు. గాలి సోకిందన్న ఆవిడే! నేను నవ్వాపుకుని నీళ్ళు పోశాను.

మలమూత్రాలకు ఇసుక పోసిన ప్లాస్టిక్ టబ్బు పెట్టాలి. ఎక్కడానికి ఒక పక్క అంచు తక్కువగా కోసి, మిగతా మూడు పక్కలూ ఎత్తుగా ఉంచాలి. ఆ గోడలకి ఆనుకుని కూర్చుంటుంది. అయినా సరే, ఒక్కోసారి అందులోనే దొర్లిపడి ఒళ్ళంతా చేసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళల్లో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. ఈ పని ఏడాదికోసారి వచ్చేది కాదు, తెల్లారి లేస్తే ఉండేదే. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే మాత్రం ఈ పని వాళ్ళకి అప్పగించకండి. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకే ప్రమాదం ఉంది.

నీళ్ళ బకెట్లు, డ్రమ్ములు, సంపు అన్నిటికీ మూతలు తప్పనిసరి. తూలి పడితే తనంతట తను బయటికి రాలేదు. మెట్లకి అడ్డంగా పలక పెట్టాలి. డాబా మీదికీ, వీధిలోకీ వదలకూడదు. కుక్క వస్తే పరుగెత్తి గోడ దూకే శక్తి దీనికి లేదు కదా.

ఇప్పుడు నేను చేసిన తప్పు సంగతి చెబుతాను. ఈ శీర్షికలో వంట చెడగొట్టుకున్న సంగతులు మీతో ఎన్నో చెప్పుకున్నాను. ఇది అలాంటిది కాదు.

రెండో కూన చిట్టికి తూలుడు కొంచెం తక్కువ. రెండు నెలలు గడిచేసరికి రెండూ చాలా మెరుగ్గా నడుస్తున్నట్టు కనిపించాయి. రెండింటినీ చూసుకోవడం నాకు కష్టంగానే ఉంది. మాకు తెలిసిన ఒకావిడ, వరసకి మరదలవుతుంది, మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటుంది. వాళ్ళ పిల్లలు ముచ్చటపడితే చిట్టిని ఇచ్చాను. "కొంచెం తూలుతుందేంటి వదినా?" అని అడిగింది. "పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే" అన్నాను.

మూడు వారాలకి చిట్టిని అట్టపెట్టెలో పెట్టుకుని వెనక్కి తెచ్చింది. బక్కచిక్కిపోయి ఉంది. వాళ్ళింట్లో అంతా పాలరాయి. బాల్కనీకి ఊచలు. ఎక్కడ పడిపోతుందోనని పగలంతా స్నానాలగదిలో పెట్టి తలుపు వేశారట. నాకు కోపం వచ్చింది. నేను నోరు తెరిచేలోగా తనే అంది: "ముందే ఉన్నదున్నట్టు చెబితే నేను తీసుకునేదాన్ని కాదు కదా వదినా. నువ్వు దానికీ అన్యాయం చేశావు, నాకూ చేశావు. మా పిల్లలు వారం నుంచి ఏడుస్తున్నారు."

నా దగ్గర జవాబు లేదు. అబద్ధమాడాలని ఆడలేదు. నేనే నమ్మాను. డాక్టరుగారిని మళ్ళీ అడిగితే అప్పుడు విడమర్చి చెప్పారు. కూన పెరిగేకొద్దీ తన ఒంటిని ఎలా నిభాయించుకోవాలో నేర్చుకుంటుంది. ఎక్కడ ఆనుకోవాలో, ఎలా పడితే దెబ్బ తగలదో తెలుసుకుంటుంది. మనకి అది తగ్గినట్టు కనిపిస్తుంది. చిన్నమెదడు మాత్రం ఎలా ఉందో అలాగే ఉంటుంది. అంటే ముదరదన్న మాటా నిజమే, తగ్గదన్న మాటా నిజమే. నేను నాకు నచ్చిన సగమే పట్టుకున్నాను.

అందుకే మీకు చెప్పేది, జాలితో మాత్రం ఇలాంటి కూనని తెచ్చుకోకండి. జాలి పది రోజులుంటుంది, పిల్లి పదిహేనేళ్ళు కూడా ఉండవచ్చు. తెచ్చుకునే ముందు కాగితం మీద రాసుకుని చూసుకోండి. కింది అంతస్తులో ఇల్లుందా? పై అంతస్తయితే బాల్కనీకి వల కట్టించగలరా? ఊరెళితే చూసే మనిషి ఉన్నారా? రోజూ తుడిచే ఓపిక ఉందా? వీటిలో రెండింటికి లేదని జవాబు వస్తే తెచ్చుకోకపోవడమే దాని మీద దయ. ఎవరికైనా ఇచ్చే పనైతే వాళ్ళని ఒక పూట మీ ఇంట్లో కూర్చోబెట్టి, అది పడటం, తినడం, ఒళ్ళు చేసుకోవడం అన్నీ చూపించి అప్పుడివ్వండి.

చిట్టి మళ్ళీ కోలుకోవడానికి నెలన్నర పట్టింది. ఆ తర్వాత మా వెనక వీధిలో ఉండే రిటైరైన టీచరుగారు దాన్ని చూడ్డానికొచ్చారు. ఈసారి నేను ఏదీ దాచలేదు. ఆవిడ రెండు గంటలు చాప మీద కూర్చుని చూశారు. తగ్గుతుందా అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఏ పళ్ళెంలో తింటుందమ్మా? అలాంటిదే కొంటాను" అన్నారు. ఆ మాటతోనే నాకు భయం పోయింది. చిట్టి ఇప్పటికీ అక్కడే ఉంది. బొంగరం మా ఇంట్లో, నేనిది రాస్తూంటే నా పాదాలకి ఆనుకుని పడుకుంది.

గుర్తుంచుకోవాల్సినవి

• పుట్టుకతో వచ్చిన తూలుడు మొదటి అడుగుల నుంచే, అంటే మూడు నాలుగు వారాల వయసులోనే కనిపిస్తుంది. నిన్నటిదాకా బాగా నడిచిన పిల్లి హఠాత్తుగా తూలినా, తూలుడు రోజురోజుకీ పెరిగినా అది వేరే జబ్బు. చెవిలో చీము, దెబ్బ, విషం ఏదైనా కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

• టీకాలు మానకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఆడపిల్లయినా మగపిల్లయినా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. మత్తు ఇచ్చే ముందు ఈ తూలుడు సంగతి డాక్టరుకు గుర్తు చేయండి.

• పాన్‌ల్యూకోపీనియాతో పిల్లి చనిపోయిన ఇంట్లో ఆ వైరస్ ఏడాది దాకా ఉండవచ్చు. టీకాలు పూర్తికాని కూనని ఆ ఇంటికి తేకండి.

• పెరుగన్నంతో పిల్లి బతకదు. మాంసంలో ఉండే టారిన్ దానికి తప్పనిసరి. ముల్లు తీసిన ఉడికించిన చేప, కోడిమాంసం పెట్టవచ్చు గానీ, రోజువారీ తిండికి బజార్లో దొరికే పిల్లుల మేత ఆధారంగా ఉండాలి. మాంసం వండని ఇళ్ళకి అదే సుళువు. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. ఆవుపాలు చాలా పిల్లులకి విరేచనాలు చేస్తాయి.

• కలరా ఉండలు, ఫినాయిల్, పారాసిటమాల్ మాత్రలు పిల్లికి విషం. తూలే పిల్లి నేలకి ఒళ్ళు రాసుకుంటూ నడుస్తుంది, ఆ ఒళ్ళే నాక్కుంటుంది. కాబట్టి ఫినాయిల్‌తో తుడిచే అలవాటు మానాలి.

• పట్టు తప్పినప్పుడు గోళ్ళు గీరుకోవడం మామూలే. గీరినా, కరిచినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ ఇంజక్షన్ గురించి అడగండి.

• దగ్గర్లో మంచి పశువైద్యుడు లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు.

వచ్చేవారం ఊరగాయ జాడీలకి బూజు పట్టకుండా చూసుకోవడం గురించి ముచ్చటించుకుందాం. అంతవరకూ సెలవు.